చేపల ఆహారమున పాదరసము: ఏ చేప మేలు, ఎవరికి మేలు

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణమున, కడలూరు పోవు మార్గము మీద ముదలియార్‌పేట కలదు. దానికి సమీపముననే తెంగాయ్‌తిట్టు చేపల రేవు ఉన్నది. రేవున దిగిన చేపలు ప్రొద్దెక్కునప్పటికి గంపలలోను, బండ్లమీదను వీధులకు వచ్చును. యానామునుండి ఉద్యోగములకును, చదువులకును వచ్చి ఈ పట్టణమున కాపురముండు తెలుగువారికి చేపల రుచి కొత్తది కాదు; పేర్లు మాత్రమే కొత్తవి. మన నెత్తళ్ళను ఇచట నెత్తిలి అందురు. మన కవల్లు ఇచట మత్తి. పండుగొప్పను కొడువా అనియు, చందువను వవ్వాలు అనియు, సొరను సురా అనియు పిలుతురు. వంజరము మాత్రము ఉభయ భాషలందును వంజరమే.

చేపలలో పాదరసము అను విషమున్నదనియు, వానిని తరచుగా తినుట ప్రమాదకరమనియు ఒక మాట ప్రజలలో వ్యాపించియున్నది. ఈ మాట విని కొందరు గర్భిణులు చేపలను పూర్తిగా మానివేయుచున్నారు. మరికొందరు దీనిని వట్టి పుకారుగా తలచి, దొరికిన చేపనెల్ల ఆలోచింపక తినుచున్నారు. ఈ రెండు పద్ధతులును సరియైనవి కావు. పాదరసము ఉన్న మాట నిజము. కాని అది అన్ని చేపలలో సమానముగా లేదు. అందరికిని సమానముగా హాని చేయదు. చేపను మానవలసిన పనిలేదు, చేపను ఎన్నుకొనవలెను. ఆ ఎన్నుకొను విధానమును తెలుపుటయే ఈ చిన్న పుస్తకపు ఉద్దేశము.

చేప వలన కలుగు మేలు

నూరు గ్రాముల చేప మాంసములో సుమారు 18 నుండి 20 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉండును. అవి సులభముగా జీర్ణమగును. సముద్రపు చేపల క్రొవ్వులో ఒమేగా-3 అను క్రొవ్వు ఆమ్లములు కలవు. తల్లి గర్భములోని శిశువు యొక్క మెదడును, కంటిపొరయు ఏర్పడుటకు ఇవి మిక్కిలి అవసరము. అయొడిను, సెలీనియము, బి12 విటమిను, డి విటమిను కూడ చేపలనుండి లభించును. నెత్తళ్ళవంటి చిన్న చేపలను ముళ్ళతో తినినచో ఎముకలకు బలమిచ్చు సున్నము కూడ దొరకును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ప్రకటించిన ఆహార సూత్రములలో, మాంసాహారులు వారమునకు 100 నుండి 200 గ్రాముల వరకైనను చేపలు తినుట మంచిదని చెప్పినది. పాలు, గ్రుడ్లు, మాంసము కొనజాలని ఇంటిలో చిన్న చేపలే చవుకైన బలవర్ధక ఆహారము. అట్టి ఇంటిలోని గర్భిణి భయముచేత వానిని మానినచో, బిడ్డకు కీడు తప్పించుటకు మారుగా కీడు చేసినదే యగును.

పాదరసము చేపలోనికి ఎట్లు వచ్చును?

పాదరసము భూమిలో సహజముగా నున్న లోహము. అగ్నిపర్వతములనుండియు, రాళ్ళు అరుగుటవలనను అది కొంత వెలువడుచుండును. కాని నేలబొగ్గును మండించుటవలనను, చిన్న గనులలో పాదరసముతో బంగారమును వేరుచేయుటవలనను, కొన్ని కర్మాగారములవలనను మానవుడు దానిని మరింత ఎక్కువగా గాలిలోనికి వదలుచున్నాడు. గాలిలో కలసిన పాదరసము వేల మైళ్ళు ప్రయాణము చేసి, వానతో చెరువులలోను, నదులలోను, సముద్రములోను పడును. కావుననే కర్మాగారములు లేని తీరములయందలి చేపలలో కూడ ఇది కొంత కనిపించును.

నీటి అడుగున బురదలో ఉండు కొన్ని సూక్ష్మజీవులు ఈ పాదరసమును మిథైల్ పాదరసముగా మార్చును. థర్మామీటరులోని పాదరసము పొరపాటున కడుపులోనికి పోయినను చాలవరకు బయటికి పోవును. మిథైల్ పాదరసము అట్టిది కాదు. తినిన దానిలో నూటికి 95 వంతులు రక్తములో కలియును. అది నాడీమండలమునకు విషము.

బురదలోని ఈ విషమును నీటిలోని సూక్ష్మ ప్రాణులు గ్రహించును. వానిని చిన్న పురుగులు తినును. ఆ పురుగులను చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తినును. తినిన ప్రతి ప్రాణి యొక్క దేహములోను విషము నిలిచిపోవుచుండును. చిన్న చేప ఏడాది రెండేండ్లు మాత్రము బ్రతుకును. దానిలో చేరిన విషము స్వల్పము. సొరవంటి చేప అనేక సంవత్సరములు బ్రతుకుచు, వేలకొలది చేపలను తినును; ఆ వేల చేపలలోని విషమంతయు దాని కండలో చేరును. ఇట్లు మెట్టు మెట్టునకు పెరిగి, వేటాడు పెద్ద చేపల మాంసములో పాదరసము నీటిలో ఉన్నదానికంటె పది లక్షల రెట్లకు మించియుండును. చేప ఎంత పెద్దదో, ఎంత కాలము బ్రతికినదో, ఎట్టి ఆహారము తినినదో అనుదానిని బట్టియే దానిలోని పాదరసము హెచ్చుతగ్గులుగా ఉండును.

మినమాటా నేర్పిన పాఠము

జపాను దేశమున క్యూషూ ద్వీపములో మినమాటా అను చిన్న పట్టణము కలదు. అచట చిస్సో అను సంస్థ వారి రసాయన కర్మాగారము పాదరసముతో కూడిన వ్యర్థజలమును సముద్రపు పాయలోనికి వదలుచుండెడిది. 1950 తరువాత ఆ తీరమున పిల్లులు పిచ్చిగా గంతులు వేసి చచ్చుట జనులు చూచిరి. పిమ్మట బెస్త కుటుంబములవారికి చేతులు, పెదవులు తిమ్మిరెక్కుట, నడక తప్పుట, చూపు ఇరుకగుట, మాట తడబడుట మొదలయ్యెను. 1956 మే 1వ తేదీన ఈ వ్యాధి ప్రభుత్వ దృష్టికి వచ్చెను. 1959లో కుమామోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి పాదరసమే కారణమని చెప్పిరి. ఐనను ఆ నీటిని వదలుట 1968 వరకు ఆగలేదు. ఆ సంవత్సరము సెప్టెంబరులో జపాను ప్రభుత్వము వ్యాధి కారణమును అంగీకరించెను. 1965లో అదే దేశమున నీగాతా ప్రాంతమందు అగానో నదీతీరమున ఇట్టి వ్యాధియే మరల బయలుపడినది.

మినమాటాలో వైద్యులను అన్నిటికంటె ఆశ్చర్యపరచిన విషయము వేరొకటి కలదు. కొందరు తల్లులకు రోగ చిహ్నములు లేవు, లేదా స్వల్పముగా మాత్రమే ఉండెను. కాని వారికి పుట్టిన బిడ్డలు మెడ నిలుపలేక, మాటలాడలేక, నడువలేక పోయిరి. గర్భములోని మాయ శిశువును విషములనుండి కాపాడునని అంతవరకు వైద్యుల నమ్మకము. మిథైల్ పాదరసము ఆ మాయను సులభముగా దాటును. అంతేకాదు, బిడ్డ రక్తములో అది తల్లి రక్తములోకంటె ఎక్కువగా చేరును. తల్లి తినినది బిడ్డను బాధించినది. గర్భిణులకు ప్రత్యేకమైన జాగ్రత్త చెప్పుటకు ఇదియే కారణము.

అంగడిలోని చేపలలో మినమాటాలోవలె విషము ఉండునని ఎవరును భయపడనక్కరలేదు. అచట ఒక కర్మాగారపు వ్యర్థము ఒక చిన్న పాయను ముప్పది ఏండ్లకు పైగా నింపినది. కాని తక్కువ మోతాదు వలన ఏమగునను ప్రశ్న మిగిలినది. ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ఫేరో ద్వీపములలో జనులు తిమింగల జాతి మాంసము తిందురు. అచట తల్లుల దేహములో పాదరసము ఎక్కువగా నున్నప్పుడు, వారి పిల్లలకు ఏడవ ఏట భాష, జ్ఞాపకశక్తి, అవధానము కొంచెము తగ్గినట్లు పరిశోధకులు 1997లో ప్రకటించిరి. హిందూ మహాసముద్రములోని సేషెల్స్ ద్వీపములలో తల్లులు వారమునకు పండ్రెండు పూటలవరకు సముద్రపు చేప తిందురు. అచటి పిల్లలలో అట్టి స్పష్టమైన హాని కనబడలేదు. చేపలోని మంచి క్రొవ్వులు, సెలీనియము మేలు చేయుటయే దీనికి ఒక కారణమని తలచుచున్నారు. ఈ రెండు ద్వీపముల అనుభవమును కలిపి చూచినచో, చేపను తినుటయు, విషము హెచ్చుగా గల జంతువులను వదలుటయు మంచి మార్గమని తేలును.

మనకు సమీపమున

పాదరసపు సమస్య పరదేశములదే కాదు. తమిళనాడులోని కొడైకానల్ కొండమీద 1980 దశకమున నెలకొనిన థర్మామీటర్ల కర్మాగారము, పాదరసముతో కలసిన గాజుముక్కలు బయట పడవేయబడిన సంగతి వెల్లడియైన పిదప, 2001లో మూతపడినది. ఆ ఊరి సరస్సు నీటిలోను, బురదలోను, చేపలలోను పాదరసము చేరియున్నట్లు హైదరాబాదు శాస్త్రజ్ఞులు పరిశోధించి 2006లో ప్రకటించిరి. కొండమీది కర్మాగారము మూతపడి ఏండ్లు గడచినను, చెరువులోని చేప దాని గుర్తును మోయుచుండెను.

పాదరసమును అదుపులో నుంచుటకై 2013లో ప్రపంచ దేశములు జపానులో సమావేశమై మినమాటా పేరిటనే ఒక ఒడంబడిక కుదుర్చుకొన్నవి. అది 2017లో అమలునకు వచ్చినది. భారతదేశము దానిని 2018లో ధ్రువపరచినది. ఈ ప్రయత్నములు ఫలించుటకు కాలము పట్టును. అంతవరకు గృహిణి చేతిలోని ఉపాయము చేపను ఎన్నుకొనుటయే.

ఎంత తినవచ్చును? ఒక చిన్న లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘము 2003లో ఒక హద్దు నిర్ణయించినది. దేహపు బరువు కిలో ఒక్కింటికి వారమునకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసము మించరాదు. మిల్లిగ్రాములో వెయ్యవ వంతు మైక్రోగ్రాము. 50 కిలోల బరువుగల స్త్రీకి ఈ లెక్క ప్రకారము వారమునకు 80 మైక్రోగ్రాములు హద్దు.

అమెరికా దేశపు ఆహార, ఔషధ సంస్థ అనేక చేపలను పరీక్షించి సగటులను ప్రకటించినది. అచటి చేపలును మన చేపలును అక్షరాల ఒకటే కాకపోయినను, తరగతులను పోల్చుటకు ఆ అంకెలు పనికివచ్చును. కిలో కవల్ల జాతి చేపలలో 13 మైక్రోగ్రాములు, నెత్తళ్ళ జాతిలో 16, రొయ్యలలో 9, కానగంతల జాతిలో 50 మైక్రోగ్రాముల పాదరసము సగటున కనబడినది. వంజరమునకు దగ్గరి చుట్టమగు అచటి పెద్ద చేపలో 730, సొరలో సుమారు 980, కత్తివలె పొడవగు ముట్టెగల కొమ్ముకోనము వంటి చేపలో 995 మైక్రోగ్రాములు కనబడినవి.

ఇపుడు లెక్క చూడుడు. పైన చెప్పిన స్త్రీ తన హద్దును చేరుటకు వారములో ఆరు కిలోల కవల్లు గాని, ఐదు కిలోల నెత్తళ్ళు గాని తినవలెను. అంత ఎవరును తినరు. కానగంతలైనచో కిలోన్నరకు పైగా తినవలెను. కాని సొర మాంసమైనచో 80 గ్రాముల ఒక్క ముక్కతోనే హద్దు నిండిపోవును. చేప చేపకు గల భేదము ఇంతటిది.

ఈ హద్దు జీవితకాలమంతయు వారము వారము తినుటకు సంబంధించినది. ఒక వారము మించినంత మాత్రమున విషప్రయోగమైనదని భయపడరాదు. దేహములోని మిథైల్ పాదరసము సగమగుటకు ఇంచుమించు 50 దినములు పట్టును. కావున బిడ్డను కోరు స్త్రీ గర్భము ధరించుటకు కొన్ని నెలల ముందునుండియే పెద్ద వేట చేపలను తగ్గించుట వివేకము.

బాలింతకు సొర చేప

తమిళ తీరమునను, మన కోస్తాలోను ఒక ఆచారము కలదు. కాన్పు అయిన స్త్రీకి పాలు పడుటకై సొర చేపను, ముఖ్యముగా పాలసొరను, ఉడికించి, పొడిచేసి, వెల్లుల్లి వేసి పిట్టుగా వండి పెట్టుదురు. పెద్దలు ప్రేమతో చేయు పని యిది. బాలింతకు బలమైన, మెత్తని, మసాలా తక్కువగల ఆహారము కావలెనను వారి ఆలోచనయు మంచిదే. చేప మాత్రము మార్చవలెను.

పాలు పడుటకు ముఖ్య కారణము బిడ్డ తరచుగా రొమ్ము కుడుచుట. తల్లికి చాలినంత ఆహారము, నీరు, విశ్రాంతి దానికి తోడగును. ఈ మేలు సొర మాంసమునందే ఉన్నదనుటకు ఆధారము లేదు. పాలసొర చిన్న జాతియే. పెద్ద సొరలకంటె దానిలో పాదరసము తక్కువ ఉండవచ్చును. ఐనను అదియు చేపలను వేటాడి బ్రతుకునదే. దానికి మారుగా కానగంతలను ఉడికించి, ముళ్ళు తీసివేసి, అదే వెల్లుల్లి, మిరియములతో అదే పిట్టును వండవచ్చును. రుచి చెడదు, ఆచారమును మానినట్లును కాదు. నెత్తళ్ళ పులుసు, కవల్ల కూర కూడ బాలింతకు తగినవే.

ఇప్పటికే సొర పిట్టు తినిన తల్లి కలత చెందనక్కరలేదు. బిడ్డకు పాలు మాన్పరాదు. తల్లిపాలలోనికి పోవు పాదరసము గర్భములో మాయద్వారా పోవుదానికంటె తక్కువ. తల్లిపాల మేలు మరి దేనివలనను రాదు.

వంజరము విషయమై ఒక మాట. పండుగలకును, చుట్టములు వచ్చినపుడును దీనిని మక్కువతో కొందురు. ఇతరులు అప్పుడప్పుడు తినవచ్చును. గర్భిణులు, చిన్న పిల్లలు దీనిని నిత్యాహారముగా తినరాదు. ఎప్పుడైన తినినను పెద్ద చేప ముక్కలకంటె చిన్న చేప ముక్కలను కోరవలెను.

కడిగినచో పోవునా?

కొందరు పసుపు, ఉప్పు వేసి కడిగినచో విషము పోవునందురు. మరికొందరు చర్మము తీసినచో చాలునందురు. మిథైల్ పాదరసము చేప కండలోని మాంసకృత్తులను అంటిపెట్టుకొని యుండును. కడుగుట, వేయించుట, పులుసు పెట్టుట, ఉప్పువేయుట, ఇవి దానిని తొలగింపజాలవు. ఎండు చేపలో నీరు పోవును గాని పాదరసము పోదు. అందుచేత ఎండిన సొర ముక్కలలో బరువునకు పాదరసము మరింత హెచ్చగును.

ఇతర కల్మషముల సంగతి వేరు. కొన్ని పారిశ్రామిక విషములు చేప క్రొవ్వులో చేరును. చర్మము, పొట్ట క్రొవ్వు తీసివేసినచో అవి తగ్గును. కాడ్మియమను లోహము పీతల లోపలి గోధుమరంగు భాగములోను, ఇతర జలచరముల లోపలి అవయవములలోను చేరును, వానిని పారవేయవలెను. మురికినీరు కలియు ఏటి ముఖములలో ఏరిన ఆల్చిప్పలు రోగక్రిములను కూడబెట్టును. వానిని తినకుండుట మంచిది.

చేప చెడకుండుటకై ఫార్మలిన్ అను మందు చల్లు దురాచారము కొందరు వర్తకులలో కనబడినది. 2018లో కేరళ అధికారులు ఇట్టి చేపలను పట్టుకొనిరి. అదే సంవత్సరము అస్సాం ప్రభుత్వము ఆంధ్రనుండి వచ్చు చేపలను కొన్ని దినములు నిలిపివేసినది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీనిని క్షణములలో కనుగొను పరీక్షా సాధనమును తయారుచేసినది. తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషిద్ధము. ఆ కాలమున చేపలు దూరమునుండి వచ్చును గనుక కొనువారు మరింత జాగరూకులై ఉండవలెను. మొప్పలు ఎర్రగను, కన్నులు ఉబ్బి తళతళలాడుచును, వ్రేలితో నొక్కిన కండ మరల పైకి లేచుచును ఉండినచో చేప తాజాది. రబ్బరువలె బిగుసుకొని, ఘాటైన మందు వాసన వేయు చేపను కొనరాదు.

కానగంతలు, సూర చేపలు ఎండలో నిలువయున్నచో వానిలో దురద, ఒంటి మంట కలిగించు పదార్థము పుట్టును. వండినను అది పోదు. కావున చేప బరువెంతో అంత మంచుగడ్డ వేసి ఉంచిన సరకునే కొనవలెను.

గుర్తుంచుకొనవలసిన విషయములు

1. చేపలను మానవద్దు. వారమునకు రెండు మూడు పూటలు చిన్న చేపలు తినుట అందరికిని మేలు.

2. నెత్తళ్ళు, కవల్లు, కానగంతలు, రొయ్యలు, చెరువులలో పెంచిన శీలావతి, బొచ్చె, వీనిలో పాదరసము తక్కువ.

3. సొర, కొమ్ముకోనము, పెద్ద సూర, పెద్ద వంజరము, వీనిలో ఎక్కువ. గర్భిణులు, బిడ్డను కోరు స్త్రీలు, బాలింతలు, చిన్న పిల్లలు సొరను, కొమ్ముకోనమును పూర్తిగా వదలవలెను. తక్కిన రెండింటిని మిక్కిలి తగ్గింపవలెను.

4. ఎప్పుడును ఒకే రకము చేపను తినక, రకములు మార్చుచుండవలెను. పిల్లలకు వయస్సునకు తగినట్లు చిన్న భాగము పెట్టవలెను.

5. పెద్ద చేపలను తరచుగా తినువారికి చేతులు, పెదవులు తిమ్మిరెక్కినను, నడక తడబడినను సొంత వైద్యము చేసికొనక, ఆసుపత్రికి పోయి తాము తిను చేపల సంగతి వైద్యునకు చెప్పవలెను.

రేపు ఉదయము గంప వీధిలోనికి వచ్చినపుడు, ఇంటిలో గర్భిణియో బాలింతయో ఉన్నచో, గృహిణి పెద్ద చేప ముక్కను వదలి నెత్తళ్ళను కొనవలెను. అవి ధరలోను తక్కువ, పాదరసములోను తక్కువ. పుట్టబోవు బిడ్డ మెదడునకు మేలుచేయు మంచి క్రొవ్వులు ఆ చిన్న చేపలలోను కలవు.